ఎవరూ బయల్దేరలా

బ్యారుహంగ అని పేరు.
కుప్పం నోట్లో పడి, వారం తిరక్కముందే
రంగప్ప అయినాడు.
టీ అంగడి శెల్వి పెట్టిన పేరది.
ఆయప్ప నవ్వి, నోటుబుక్కులో రాసుకున్నాడు
ఎవరి నోట్లో మారిందో, తారీఖుతో సహా.
మాటలు నడిచిన దోవ వెతికే చదువంట ఆయప్పది.

యూనివర్సిటీ నుంచి సైకిల్ మీద వస్తాడు
రైలు గేటు పక్కన నా కొలిమికి.
కొలిమంటే ఇప్పుడు ముక్కాలు భాగం వెల్డింగు షాపే.
గ్రిల్లులు, గేట్లు, ట్రాక్టరు కొక్కేలు.
తిత్తి మాత్రం తీసెయ్యలా.
ఆ తిత్తిని చూసి మొదటిరోజు
చెప్పులిడిసి లోపలికొచ్చినాడు.

మధ్యాన్నం సంగటి పెట్టి
ఎట్ల తినాలో చెప్పబోయినా.
చెప్పేలోపలే బొటనవేలితో ముద్దకి గుంత చేసి
పులుసులో ముంచి, నమలకుండా మింగేసినాడు
మా అవ్వ మింగినట్ల.
'ఒబురో' అన్నాడు. 'మా కొండల పక్క పుట్టిన గింజ.'
నాకు రొవంత కోపమొచ్చింది.
మా ముత్తాత తిన్నాడు, వాళ్ళ ముత్తాత తిన్నాడు,
ఇప్పుడొచ్చి మీదంటావేమప్పా?
'తిన్నోళ్ళదే' అని
ఇంకో ముద్ద అడిగినాడు, ఊరిబిండితో.

చెయ్యి కడుక్కుని, బొగ్గుముక్కతో
నేలమీద ఆఫ్రికా గీసినాడు.
దాని చంకలో ఒక చుక్క పెట్టినాడు.
ఆడ గడ్డికొండల్లో కొంతమంది,
నాలుగైదువేల ఏండ్ల కింద.
పెండలం దుంపలు, నూనె కాయలు, మట్టికుండలు.
వానలు సన్నబడినాయంట.
పాత దుప్పటికి చిరుగులు పడినట్ల
పెద్దడవి నడుమ గడ్డిసందులు పడినాయంట.
పుట్టిన బిడ్డలు బతికినారు,
బతికినోళ్ళకి చేను కావల్ల.
దోవలో యాడో రాతిని కరిగించి ఇనుము తీసినారు.
ఆ మాటకి నేను ముందుకు వంగినా.
'తిత్తా?'
'తిత్తే. మట్టి గొట్టం, మేకతోలు.'

మరి అంత దూరం ఎవురు నడిపించినారు, రాజా?
'ఎవరూ బయల్దేరలా' అన్నాడు.
'నాయన చేనుకి అవతల కొడుకు చేను.
దానికవతల మనవడి చేను.
ప్రతిసారీ కేకేస్తే వినపడేంత దూరమే.'
ఆ కేక మూడువేల ఏండ్లకి
అవతలి సముద్రంలో కాళ్ళు తడుపుకునింది.

మనిషి వాళ్ళకి ఒముంటు. మనుషులు అబంటు.
మేము మాట తోక మారుస్తాం,
వాళ్ళు ముందరి ముక్క మారుస్తారు.
ఇంకా దక్షిణానికి పోతే ఉముంటు అంట.
ఎంత దూరం పోయినా ఆ 'ంటు' అరగలా,
ఆరు పిడులు మార్చిన
మా తాత సమ్మెట మాదిరి.

అప్పుడే గేటు పడింది. బెంగళూరు రైలు.
నా తమ్ముడు మునికన్నయ్య
మొదట్లో రోజూ పోయి రోజూ వచ్చేవాడు.
తర్వాత శనివారాలు.
తర్వాత, వచ్చినప్పుడు.
ఓటు కూడా ఆడికే మార్చుకున్నాడు.
వాడి బిడ్డ నన్ను దొడ్డప్పా అంటుంది.
ఏ రోజు ఊరిడిసినాడని అడిగితే
నేను తారీఖు చెప్పలేను.

'ఆ అడవిలో అంతకుముందే ఉండినోళ్ళు?' అని అడిగినా.
రంగప్ప పీటమీద కదిలినాడు.
ఉండినారు. వేటగాళ్ళు, తేనె జాడ తెలిసినోళ్ళు.
కొందరితో మనువులు కలిసినాయి.
కొందరు ఇంకా లోపలికి జరిగినారు,
ఇనుముకి మాంసం మారకమేసుకుంటా.
'వాళ్ళ మాట?'
ఆయప్పకి తెలుగు బాగానే వచ్చు.
ఈ ఒక్క జవాబూ ఇంగ్లీషులో చెప్పినాడు.
ఇప్పుడు వాళ్ళదీ మా మాటే, అని.

మా నాయన కాలంలో
ఇరుళ మాసయ్య అడవి నుంచి బొగ్గు తెచ్చేవాడు.
కొడవలి పట్టుకుపోయేవాడు.
వాకిట్లోనే నిలబడి, మాతో మా మాటే మాట్లాడేవాడు.
ఇంటికి పోయి పెండ్లాంతో ఏ మాట మాట్లాడేవాడో
మా ఇంట్లో ఒక్కరూ అడగలా.
ఆ బొగ్గుతోనే కదా నా చదువు, మా అక్క పెండ్లి.

రంగప్ప పోతాపోతా
ఒక పార తల చేసిమ్మన్నాడు. పిడి వద్దంట,
ఊర్లో పెట్టుకుంటాడంట.

నేను కసువు ఊడ్చలా ఆ పొద్దు.
అయినా సాయంత్రానికి
గిరాకీల కాళ్ళకి, కుక్క కాళ్ళకి అంటుకుని
ఆ బొగ్గు గడప దాటి
గేటు దాకా పోయుండాది.
ఎవరూ మొయ్యలా.